పచ్చ లైటు పడినా ఒక్క క్షణం ఆగండి: బెంగళూరులో బండి నడిపే తెలుగువాళ్లకు బహిరంగ లేఖ

బెంగళూరు రోడ్ల మీద బండి నడుపుతున్న తెలుగువాళ్లందరికీ,

నమస్కారం. హిందూపురం, అనంతపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ క్యాబ్‌లు నడుపుతున్న అన్నలకు, శుక్రవారం రాత్రి మారతహళ్లి, మడివాళ దగ్గర మనవాళ్లను ఎక్కించుకుని ఊళ్లకు చేర్చే ప్రైవేటు బస్సుల డ్రైవర్లకు, వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసులకు కార్లలో, స్కూటర్ల మీద తిరిగే ఉద్యోగులకు, వీపున బ్యాగు వేసుకుని పరుగులు తీసే డెలివరీ తమ్ముళ్లకు ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. పచ్చ లైటు పడినా సరే, జంక్షన్‌కు అవతల మీ బండి పట్టేంత జాగా కనబడకపోతే గీత దాటి లోపలికి రాకండి.

ఇంత చిన్న మాటకు ఇంత పెద్ద ఉత్తరం ఎందుకని అనుకోవచ్చు. మనం రోజూ 'ట్రాఫిక్ జామ్' అని ఒకే పేరు పెట్టి తిట్టుకునే దాంట్లో రెండు మూడు వేర్వేరు జబ్బులు ఉన్నాయి. వాటిలో ఒకదానికి మందు ప్రభుత్వం దగ్గర లేదు, మన బ్రేకు కింద ఉంది. దాని పేరు గ్రిడ్‌లాక్. ఇంగ్లీషు పేపర్లలో, టీవీల్లో ఈ మాట తెగ వాడతారు. రోడ్డు మీద బండ్లు ఎక్కువైతే చాలు, గ్రిడ్‌లాక్ అనేస్తారు. ఆ మాటను పుట్టించిన ఇంజనీర్లు మాత్రం చాలా కచ్చితమైన ఒక స్థితిని చూసి, దానికి భయపడి ఆ పేరు పెట్టారు.

న్యూయార్క్‌లో మన్‌హట్టన్ మ్యాపు చూసినవాళ్లకు తెలుసు, అది చదరంగం బల్లలా ఉంటుంది. 1811లో కమిషనర్లు వేసిన ప్లానులో పొడుగునా 12 అవెన్యూలు, అడ్డంగా 155 వీధులు గీశారు. నూట యాభై ఏళ్లు గడిచాక ఆ గళ్ల మధ్య కార్లు కిక్కిరిసిపోయాయి. 1970లలో అక్కడి ట్రాఫిక్ విభాగం ఇంజనీర్లు తమలో తాము ఒక ప్రశ్న వేసుకునేవాళ్లు. ఒక గడి చుట్టూ ఉన్న నాలుగు వీధులూ ఒకేసారి నిండిపోయి, ఒక్కో వీధి తోక ఇంకో వీధి మూతిని మూసేస్తే ఏమవుతుంది? గళ్లు గళ్లుగా ఉన్న ఊరు మొత్తానికి తాళం పడుతుంది. అలా వాళ్ల మాటల్లో గ్రిడ్‌లాక్ పుట్టింది. అప్పట్లో అక్కడ పనిచేసిన శామ్ ష్వార్ట్జ్ ఈ మాట తమ శాఖ లోపల ముందు నుంచే ఉందని చెప్పాడు. దాని పుట్టుకలో తన తోటి ఇంజనీరు రాయ్ కాటమ్‌కూ వాటా ఉందన్నాడు.

ఆఫీసు గోడల మధ్య ఉన్న ఆ మాట ఊరి నోట పడింది 1980 ఏప్రిల్‌లో. ఆ నెల 1వ తేదీన సబ్‌వే, సిటీ బస్సుల ఉద్యోగులు సమ్మెకు దిగారు. 11 రోజులు రైళ్లు లేవు, బస్సులు లేవు. మన దగ్గర మెట్రో, బీఎంటీసీ ఒకేరోజు ఆగిపోయి, అందరూ సొంత బండ్లు తీస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మేయర్ ఎడ్ కోచ్ బ్రూక్లిన్ వంతెన మీదికి వచ్చి, నడిచి ఆఫీసులకు పోతున్న జనానికి ధైర్యం చెప్పాడు. పొద్దున పూట మన్‌హట్టన్ వ్యాపార ప్రాంతంలోకి ఒక్కరే కూర్చున్న కారును రానివ్వలేదు, కనీసం ఇద్దరుండాలన్నారు. అప్పటికి చీఫ్ ట్రాఫిక్ ఇంజనీరుగా ఉన్న ష్వార్ట్జ్ ఆ రోజుల్లోనే గ్రిడ్‌లాక్ రాకుండా ఏం చేయాలో బయటికి చెప్పాడు. పత్రికలు ఆ మాటను పట్టుకున్నాయి. తర్వాత అది రోడ్డు దాటి రాజకీయాల్లోకి కూడా పోయింది. అమెరికా కాంగ్రెసులో బిల్లు ముందుకు కదలకపోతే ఇప్పుడు గ్రిడ్‌లాక్ అనే అంటారు.

సమ్మె నాటి ఆ నగరం నుంచి మనం నేర్చుకోవాల్సింది ఆ పేరు కన్నా, వాళ్లు జనానికి చెప్పిన జాగ్రత్త. 'డోంట్ బ్లాక్ ద బాక్స్' అని ఇప్పటికీ అక్కడి కూడళ్లలో బోర్డులు ఉంటాయి. బాక్స్ అంటే జంక్షన్ మధ్యలో రెండు రోడ్లూ కలిసే ఆ చదరం. అందులో ఆగొద్దు. ఆగాల్సి వస్తుందనిపిస్తే అసలు లోపలికే రావద్దు. ఆగితే జరిమానా.

మనకూ దీనికీ ఏం సంబంధం, మన్‌హట్టన్ లాంటి గళ్లు మన దగ్గరెక్కడివి అని అడగొచ్చు. మన ఇంటి అడ్రసులే చూడండి. పదిహేడో క్రాస్, ఐదో మెయిన్. జయనగర్, ఇందిరానగర్, కోరమంగళ, హెచ్ఎస్ఆర్ లేఅవుట్ అన్నీ మెయిన్లూ క్రాసులూ అడ్డంగా పొడుగ్గా అల్లిన గళ్లే. రింగ్ రోడ్డు మీద బండ్లు ఆగిపోగానే ఫోన్‌లోని మ్యాపు మనందరినీ ఒకేసారి ఈ గళ్లలోకి తోస్తుంది. ఇళ్ల మధ్య తిరగడానికి వేసిన రోడ్ల మీదికి హైవే మీద పోవాల్సిన బండ్లు వచ్చి పడతాయి.

అప్పుడేమవుతుందో కొంచెం నిదానంగా చూద్దాం. ఒక గడి చుట్టూ నాలుగు రోడ్లున్నాయనుకోండి. మొదటి రోడ్డు మీద మీరున్నారు. మీ ముందున్న జంక్షన్‌లో రెండో రోడ్డు బండ్ల తోక అడ్డంగా నిలబడి ఉంది. ఆ రెండో రోడ్డు బండ్లు కదలాలంటే వాటి ముందున్న జంక్షన్ ఖాళీ కావాలి. అక్కడ మూడో రోడ్డు తోక ఉంది. మూడో రోడ్డుకు నాలుగో రోడ్డు అడ్డం. నాలుగో రోడ్డు వాళ్లు తలెత్తి చూస్తే ఎదురుగా అడ్డంగా ఉన్నది ఎవరు? మీ వెనక జంక్షన్‌లోకి దూరి నిలబడ్డ బండి. మీరు మీ ముందువాడిని తిట్టుకుంటూ ఉంటారు. అతనికి దారి దొరకనిది మీ వరస వల్లే. లైట్లు పచ్చగా మారతాయి, ఎర్రగా మారతాయి, మళ్లీ పచ్చగా మారతాయి. ఒక్క చక్రం తిరగదు.

మామూలు జామ్ ఇలా ఉండదు. జామ్‌కు ఎప్పుడూ ఒక తల ఉంటుంది, ఆ తల దగ్గర బండ్లు ఒక్కొక్కటిగా బయటపడుతూనే ఉంటాయి. జపాన్ పరిశోధకులు 230 మీటర్ల గుండ్రటి ట్రాక్ మీద 22 కార్లు పెట్టి, అందరినీ ఒకే వేగంతో నడపమన్నారు. 2008లో ఆ ఫలితాలు ప్రచురించారు. సిగ్నల్ లేదు, గుంత లేదు, ప్రమాదం లేదు. అయినా కాసేపటికి ఎవరో కొంచెం బ్రేకు వేశారు, వెనకవాళ్లు ఇంకొంచెం గట్టిగా వేశారు, చివరికి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ ఆగడం ఒక అలలా వెనక్కి వెనక్కి పాకింది. అంత చేసినా ఆగిన వరసలో తల దగ్గరున్న కారు మాత్రం బయటపడి వెళ్లిపోతూనే ఉంది. గ్రిడ్‌లాక్‌లో అలా బయటపడే ముందు కారంటూ ఎవరూ ఉండరు. అందరూ ఎవరో ఒకరి వెనకే ఉన్నారు. అందుకే అది దానంతటది విడిపోదు. రోడ్డు ఇంకో పది అడుగులు వెడల్పు చేసినా విడిపోదు. ఎవరో ఒకరు వెనక్కి జరగాలి.

మనలో సాఫ్ట్‌వేర్ చదువుకున్నవాళ్లకు ఇది బాగా తెలిసిన పాఠమే. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో డెడ్‌లాక్ అని పరీక్షకు చదివాం, అంటే ప్రోగ్రాములు ఒకదానికోసం ఒకటి కాచుకుని ఏదీ కదలకుండా నిలిచిపోవడం. కాఫ్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, మరో ఇద్దరు 1971లో దానికి నాలుగు షరతులు రాశారు. ఒక వస్తువును ఒకరే వాడగలగడం, ఉన్నది వదలకుండా ఇంకోదానికోసం కాచుకోవడం, బలవంతంగా లాక్కునే వీలు లేకపోవడం, ఒకరికోసం ఒకరు గుండ్రంగా ఎదురుచూడటం. నాలుగూ కలిస్తేనే తాళం పడుతుంది, ఒక్కటి తప్పించినా పడదు. జంక్షన్‌లో మనం తప్పించగలిగింది రెండోది. అవతల జాగా దొరికేదాకా జంక్షన్‌ను పట్టుకోకుండా ఉండటం. ప్రోగ్రామ్‌లో అయితే ఈ తప్పు చూసి తోటివాడి కోడ్‌ను వెనక్కి పంపే మనం, సాయంత్రం ఆరు గంటలకు స్టీరింగ్ పట్టుకోగానే అదే తప్పు చేస్తున్నాం.

ఒక సాయంత్రం హెచ్ఎస్ఆర్ వైపు ఒక కూడలిలో నేను చూసింది చెబుతాను. వాన పడి కరెంటు పోయింది, సిగ్నల్ ఆరిపోయింది. కూడలి నడిమధ్యలో ఒక నీళ్ల ట్యాంకర్ కుడివైపు తిరగబోయి సగంలో ఆగింది. వెనక పైపు నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. దాని బంపర్‌కు జానెడు దూరంలో ఒక క్యాబ్ బానెట్. క్యాబ్ వెనక్కి పోదామంటే డిక్కీకి ఆనుకుని డెలివరీ అబ్బాయి స్కూటరు. స్కూటరు వెనక స్కూలు వ్యాను, కిటికీలోంచి పిల్లలు తలలు బయటపెట్టి చూస్తున్నారు. వ్యాను పక్కన ఏపీ నంబరు కారు ఒకటి, అది ట్యాంకర్ పోవాల్సిన దారికి అడ్డం. నాలుగు వైపులా హారన్లే హారన్లు. ఎవరికి వాళ్లు రెండు అంగుళాలు ముందుకు జరిపి, ఏదో సాధించినట్టు బ్రేకు వేస్తున్నారు.

ఒక ఆటో డ్రైవరు బండి ఆపేసి దిగాడు. వయసు మళ్లిన మనిషి, ఖాకీ చొక్కా వానకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ముందుకు రమ్మని ఎవరినీ పిలవలేదు. నేరుగా స్కూటరు దగ్గరికి పోయి, 'స్వల్ప హిందె హోగప్పా' అన్నాడు. కొంచెం వెనక్కి పో నాయనా అని. ఆ అబ్బాయి వెనక్కి చూసి జాగా లేదన్నట్టు చెయ్యి తిప్పాడు. పెద్దాయన స్కూటరు వెనక భాగం పట్టుకుని ఎత్తి, పక్కకు ఫుట్‌పాత్ వైపు తిప్పేశాడు. తర్వాత క్యాబ్ అద్దం మీద తట్టాడు. క్యాబ్ డ్రైవరు మనవాడే. 'ఎక్కడికి పోయేదన్నా వెనక్కి' అని తెలుగులో గొణుక్కుంటూనే రివర్స్ వేసి మూరెడు వెనక్కి జరిపాడు. ఏపీ కారాయనా జరిపాడు. అంతే, ట్యాంకర్ ముందు చక్రాలు తిరిగాయి. అది వెళ్లిపోగానే, పొద్దుపోయేదాకా ఇక్కడే అనుకున్న కూడలి చూస్తుండగానే ఖాళీ అయింది. అక్కడ కొత్తగా రోడ్డేమీ పుట్టలేదు, బండి ఒక్కటీ తగ్గలేదు. ముగ్గురు వెనక్కి జరిగారు.

ఇప్పుడు మీరు అడిగే మాట నాకు తెలుసు. ప్రభుత్వం సరైన రోడ్లు వేయదు, ఉన్నవాటిని తవ్వి వదిలేస్తుంది, నీతులు మాత్రం మాకా? ఈ కోపం న్యాయమైనదే. నగరంలో బండ్ల సంఖ్య కోటి దాటిపోయింది. టామ్‌టామ్ సంస్థ 2024 లెక్క ప్రకారం ఇక్కడ 10 కిలోమీటర్లు పోవడానికి సగటున 34 నిమిషాలు దాటింది. ఆ ఏడాది ప్రపంచంలోని నెమ్మదైన నగరాల్లో ఇది మూడోది. ఇక టిన్ ఫ్యాక్టరీ దగ్గర రింగ్ రోడ్డు, ఓల్డ్ మద్రాస్ రోడ్డు వచ్చి పడే చోట మనం ఎంత బుద్ధిగా నడిపినా అంతమంది ఒక్కసారిగా పట్టరు. సిల్క్ బోర్డు కథా అంతే. వీటిని ఇంజనీర్లు బాటిల్‌నెక్ అంటారు. వెడల్పుగా వస్తున్న రోడ్డు ఒక్కచోట సన్నబడితే కలిగే ఇబ్బంది అది. దానికి మందు ప్రభుత్వమే వేయాలి. 2024 జూలైలో రాగిగుడ్డ నుంచి సిల్క్ బోర్డు దాకా డబుల్ డెక్కర్ ఫ్లైఓవర్ తెరిచారు, 2025 ఆగస్టులో బొమ్మసంద్ర దాకా ఎల్లో లైన్ మెట్రో వచ్చింది. ఇవి ఎప్పుడో రావాల్సినవి. 2019లో సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం దాకా బస్సులకు విడిగా లేన్ ఇచ్చారు. మెట్రో పనులు వచ్చాక అది నిలవలేదు. నన్నడిగితే అలాంటి లేన్ మళ్లీ రావాలి. అదే న్యూయార్క్ 2025 జనవరి నుంచి 60వ వీధికి దిగువన మన్‌హట్టన్‌లోకి వచ్చే కార్లకు రుసుము వసూలు చేస్తోంది. అలాంటిది ఇక్కడ పెట్టాలా వద్దా అన్నది పెద్ద చర్చ, ఈ ఉత్తరంలో తేలేది కాదు.

ఇవన్నీ జరిగేలోపు మన చేతిలో ఉన్నదాన్ని వదిలేయడం ఎందుకు? బాటిల్‌నెక్ దగ్గర బండ్లు నెమ్మదిగానైనా కదులుతాయి. ఆ వరస పాకి పాకి వెనక జంక్షన్ దాకా వచ్చినప్పుడు, మనం ఆ జంక్షన్‌లోకి దూరితే, అసలు ఆ బాటిల్‌నెక్ వైపు పోవాల్సిన పనే లేని అడ్డరోడ్డు వాళ్లు కూడా ఇరుక్కుపోతారు. సిల్క్ బోర్డు దగ్గరి ఇబ్బంది సిల్క్ బోర్డుకు పోయేవాళ్ల దాకా ఉండాలి. దాన్ని పక్కనున్న బీటీఎం లేఅవుట్ లోపల బిడ్డను ట్యూషన్‌కు దించడానికి పోతున్న అమ్మ దాకా మోసుకెళ్తున్నది జంక్షన్ మధ్యలో ఆగిన బండి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. నేను ఆగితే పక్కవాడు దూరుతాడు, నాకే నష్టం. నిజమే. మొదట ఆగినవాడికి ఒక సిగ్నల్ పోతుంది, వెనక నుంచి హారన్లు పడతాయి, ఖాళీ కనబడగానే రెండు వైపుల నుంచి బైకులు చేరతాయి. అందుకే ఈ మాట అందరికన్నా ముందు బస్సు డ్రైవర్లకు, క్యాబ్ డ్రైవర్లకు చెబుతున్నాను. వెడల్పాటి బండి గీత దగ్గర ఆగితే దాని వెనక లేన్ మొత్తం ఆగాల్సిందే. స్కూటరు ఆగితే ఎవరికీ తెలియదు, బస్సు ఆగితే రోడ్డంతా ఆగుతుంది. రోజంతా రోడ్డు మీదే ఉండే మీ చేతిలో ఉన్నంత శక్తి ట్రాఫిక్ పోలీసు విజిల్‌కు కూడా లేదు. ఏ కూడలిలో ఎప్పుడు తాళం పడుతుందో మీకు తెలిసినంత బాగా మ్యాపుకు కూడా తెలియదు.

క్యాబ్ వెనక సీటులో కూర్చునే మనవాళ్లకు ఒక మనవి. డ్రైవరన్న పచ్చ లైటు దగ్గర ఆగి చూస్తుంటే 'పోనీ అన్నా, పోనీ' అనకండి. లాగిన్ టైమ్ టెన్షన్ మీకుంది, అర్థమవుతుంది. ఆ టెన్షన్ మీరు ఆయన మీద పెడితే ఆయన జంక్షన్‌లోకి తోస్తాడు, లోపలికి పోయాక మీకు పోయేది ఒక సిగ్నల్ కాదు, అరగంట. డెలివరీ తమ్ముళ్లకూ అంతే. యాప్‌లో టైమర్ తిరుగుతూ ఉంటే ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు, మీ తప్పు పట్టడం లేదు. కనీసం ముందు ఆగిన పెద్ద బండి పక్క నుంచి దూరి దాని ముందు చదరంలో నిలబడకండి. అడ్డరోడ్డు బండి తిరగడానికి ఆ కాస్త జాగానే కావాలి. వెనక ఉన్నవాళ్లంతా, పచ్చ లైటు దగ్గర ముందు బండి ఆగితే హారన్ మీద చెయ్యి వేసే ముందు అవతల జాగా ఉందో లేదో ఒకసారి చూడండి.

బెంగళూరు ట్రాఫిక్ పోలీసు అధికారులకు, నగరపాలక అధికారులకు కూడా ఇక్కడే ఒక మాట. లేఅవుట్ల లోపల రద్దీగా ఉండే కూడళ్లలో, ఇందులో ఆగొద్దని చెప్పే పసుపు గళ్ల చదరాలు గీయించండి. బ్రిటన్ 1967లోనే వాటిని చట్టంలో పెట్టింది, మన దేశ రోడ్డు గుర్తుల్లోనూ అవి ఉన్నాయి. కొన్నిచోట్ల గీశారు కూడా, కానీ దాని అర్థమేమిటో నడిపేవాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఎర్ర లైటు దాటినవాడిని పట్టే కెమెరాలు పచ్చ లైటులో వచ్చి మధ్యలో ఇరుక్కున్నవాడిని కూడా పట్టేలా చేయండి. సిగ్నల్ ఆరిపోయిన వాన సాయంత్రాలు ఆ కూడళ్లలో ఒక మనిషిని నిలబెట్టండి. ఆ మనిషి ముందున్నవాళ్లను త్వరపెట్టడం కన్నా రావాల్సినవాళ్లను గీత దగ్గర ఆపడమే పనిగా పెట్టుకోవాలి. బోర్డులు కన్నడతో పాటు తెలుగు, తమిళం, హిందీల్లో కూడా పెడితే మాలాంటివాళ్లకు సాయమవుతుంది.

ప్రైవేటు బస్సుల వాళ్లకు విడిగా చెప్పాల్సింది ఒకటుంది. పండగ ముందు శుక్రవారం రాత్రి మారతహళ్లి, మడివాళ, టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. సంక్రాంతికి ఊరికి పోయేవాళ్లు సంచులతో రోడ్డు దాకా వచ్చేస్తారు, బస్సు కూడలి మొగలోనే ఆగుతుంది, క్లీనర్ దిగి లిస్టు పట్టుకుని పేర్లు పిలుస్తాడు, దాని వెనక ఇంకో బస్సు, దాని వెనక ఇంకోటి. రెండో బస్సు తోక కూడలిలో పడుతుంది. ఏపీ, టీజీ నంబర్లు చూసి ఇక్కడివాళ్లు అనే మాటలు మీ చెవిన పడే ఉంటాయి. నా చెవిన పడ్డాయి, బాధ కలిగింది. దయచేసి బోర్డింగ్ పాయింట్ కూడలికి వంద అడుగుల అవతలికి మార్చండి, టికెట్‌లో ఆ చోటే రాయండి. ముందు బస్సు కదిలేదాకా మీ బస్సును కూడలికి ఇవతలే ఆపుకోండి. ఎక్కేవాళ్లు కూడా ఫోన్ చేసి 'సిగ్నల్ దగ్గరే ఉన్నాను, ఇక్కడే ఆపండి' అని పట్టుబట్టకుండా నాలుగు అడుగులు నడవాలి.

చివరిగా, చేయగలిగిన పని ఒకటి. మీ ఏరియాలో ఇలా నాలుగు వైపులా బిగుసుకుపోయే కూడళ్లు ఏవి, ఏ వేళల్లో, ఏ వైపు నుంచి మొదలవుతుంది అనేది రాసిపెట్టండి. మెయిన్, క్రాస్ నంబర్లతో సహా. పీజీల్లో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో, క్యాబ్ స్టాండ్లలో అడిగితే ఒక్క వారంలో జాబితా తయారవుతుంది. కన్నడ బాగా రాయగలిగిన మిత్రుల చేత అర్జీ రాయించి, ఏ ఏరియా జాబితాను ఆ ఏరియా ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో ఇద్దాం. పసుపు చదరం ఎక్కడెక్కడ ముందు గీయాలో వాళ్లకూ తెలుస్తుంది. హెచ్ఎస్ఆర్ లోపలి కూడళ్ల జాబితా నేను మొదలుపెట్టాను.

ఇట్లు,
మీలో ఒకడు,
హెచ్ఎస్ఆర్ లేఅవుట్, బెంగళూరు